బ్రేకు లైటు వచ్చిందా

క్లైడ్ నార్త్,
ఏప్రిల్ 12.

పూజ్యులైన చిన్నత్తయ్యగారికి,

మంగళ నమస్కరించి రాసేది. ఫోనులో ఎవరు మాట్లాడినా మీకు గాలి హోరులా వినబడుతోందని, చెవి మిషన్ పెట్టినా లాభం లేదని మీ అబ్బాయి చెప్పారు. ఇకమీదట ఉత్తరాలు రాయమన్నారట. ఏడో తరగతితో చదువు ఆపేసినదాన్ని. తప్పులుంటే నవ్వుకోండి, ఆయనతో మాత్రం అనకండి. నిజం చెప్పాలంటే నాకూ ఇదే నయం. ఫోనులో అవతలివాళ్ళు "ఆఁ, ఇంకేంటి?" అనగానే నాకు మాట పోతుంది. కాగితం అలా తొందరపెట్టదు.

టిఫిన్ బండి కొన్నాం. చక్రాల మీద చిన్న వంటగది అనుకోండి. రెండు పెద్ద పెనాలు, నీళ్ళ తొట్టి, పక్కన తెరుచుకునే కిటికీ ఉన్నాయి. ముందు పొడుగాటి ఇనప నొగ. దాన్ని కారు వెనక తగిలించి లాక్కెళ్ళాలి. ఎమరాల్డ్ కొండమీద నెలకోసారి జరిగే సంతలో మనకు చోటిచ్చారు. జూన్‌లో మొదటి సంత. పెసరట్లు, ఉప్మా, అల్లప్పచ్చడి. గిడ్డంగి ఉద్యోగం నెమ్మదిగా వదిలేసి ఇదే చేసుకుందామని మీ అబ్బాయి ఆశ. పెనం ముందు నిలబడడమైతే నాకూ ఇష్టమే. అక్కడ మాట్లాడక్కర్లేదు కదా.

కారుకి వెనక కొక్కెం బిగించారు. ఇప్పుడు తీగల దగ్గర ఆగింది. కారు లైటు వెలిగినప్పుడల్లా బండి లైటు కూడా వెలగాలి కదా, దానికి తీగలు. షాపాయన మూడు రకాలు చెప్పాడు. మీ అబ్బాయి తెలుగులో చెబితే నాకు అర్థమైనంత రాస్తాను. కారు వెనక లైటు తీగకే ఇంకో తీగ కలిపెయ్యడం ఒకటి. పాత కార్లకి అలాగే చేసేవారట. ఈ కాలపు కారు తన బల్బులు బాగున్నాయో లేదో తీగ వెంట తడిమి చూసుకుంటూ ఉంటుందట. దానిమీద కొత్త బరువు పడితే ఏదో చెడిందనుకుని ఆ దారి మూసేస్తుందట. రెండోది, ఏ కారుకైనా పెట్టే పెట్టె. లైట్లు బాగానే వెలుగుతాయి కానీ వెనక బండి ఉందని కారుకి తెలియదు. మూడోది ఈ కారు కోసమే చేసిన తీగల జత. అది పెట్టాక కారుకి కంప్యూటర్ తగిలించి, నీ వెనక బండి వస్తుందని నేర్పుతారు. అప్పుడు బండి ఊగితే కారు తనే సర్దుకుంటుంది.

ఆ మూడోది తెప్పించాలంటే చాలా వారాలు పడుతుందన్నాడు. అదే పెట్టిస్తాం.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ కోడలు,
మంగళ.


పెర్త్,
ఏప్రిల్ 24.

చి. సౌ. మంగళకు ఆశీస్సులు.

నీ అక్షరాలు నా మందుల చీటీల కన్నా వెయ్యి రెట్లు నయం. నలభై ఏళ్ళు డాక్టరుగా నేను రాసింది ఒక్క మందుల షాపువాడు కూడా ఒక్కసారికి చదవలేకపోయాడు.

మూడో రకమే సరైనది. నేనూ మీ చిన్నమావయ్యా ఒకప్పుడు కారవాన్ లాక్కుంటూ ఆ నిర్జన మైదానం దాటి ఎడిలైడ్ దాకా వెళ్ళాం. మీ మావయ్య నేలమీద పడుకుని తీగలు తనే కలిపాడు. ఆ కారు మొద్దు. ఏం చేసినా ఊరుకునేది. ఇప్పటివి మనుషుల్లాంటివి, నరాలు ఉన్నాయి వాటికి. కాలి నరం తెచ్చి చేతికి ముడివేసి "ఇదిగో డాక్టరుగారూ, కదులుతోంది" అంటే నేను ఒప్పుకుంటానా?

ఒక సంగతి అడుగుతాను. చాలా వారాలు పడుతుందన్నావు. సత్తిబాబు సంగతి నాకు తెలుసు. అన్నం ఉడికేదాకా ఆగలేక పొయ్యి దగ్గరే కంచం పట్టుకు నిలబడేవాడు. వాడు ఆగుతానన్నాడా, లేక ఆగుతాడని నువ్వు అనుకుంటున్నావా?

జ్ఞానప్రసూన.


క్లైడ్ నార్త్,
మే 19.

చిన్నత్తయ్యగారికి నమస్కారం.

మీరు అడిగినదానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. అదే పెట్టిస్తామని నేను రాసింది నేననుకున్న మాట. ఆయన అనుకున్నది కాదు.

మన ఊరి సిద్ధాంతిగారు బండి మొదటి ప్రయాణానికి జూన్ సంత రోజునే ముహూర్తం కుదిర్చారు. అది దాటితే ఆషాఢం. శ్రావణం దాకా బండి కదపకూడదు. తీగల జత అప్పటికి రాదని షాపువాళ్ళు ఖాయంగా చెప్పేశారు. క్లేటన్‌లో ఆయనతో ఒకే గదిలో ఉండి చదువుకున్న కిట్టు అన్నయ్య వచ్చి కారు కింద దూరాడు.

"ఒరే సత్తీ, షాపోడు భయపెడతాడ్రా, అదే వాడి బిజినెస్. యూనివర్సిటీలో ఉన్నప్పుడు నీ డొక్కు కారుకి స్టీరియో పెట్టిందెవరు? నేనే కదా!"

"అది పాత కారురా."

"కారు కొత్తదైతే కరెంటు కూడా కొత్తదా ఏంటి? టెన్షన్ పడకు మేట్."

మధ్యాహ్నానికి అయిపోయింది. బండికి సొంత బ్రేకులు ఉన్నాయి. కారు బ్రేకు తొక్కగానే తీగ వెంట కబురు వెళ్ళి అవి పడాలి. ఆ కబురు కూడా బ్రేకు లైటు తీగ మీదే వెళ్ళేలా కలిపాడు. అంటే లైటు రాకపోతే బ్రేకూ పడదు. ఇది కిట్టు అన్నయ్యే నవ్వుతూ చెప్పాడు, "టూ ఇన్ వన్ చెల్లెమ్మా" అని.

పోయిన శనివారం కేరమ్ డౌన్స్ గుడికి తీసుకెళ్ళి బండికి పూజ చేయించాం. పంతులుగారు మంత్రాలు చదువుతుంటే, మీ అబ్బాయి నాతో "ఒక్క మూల వదలకుండా పసుపు, కుంకుమ పెట్టు" అన్నారు. వదల్లేదు. చక్రాలకి, నొగకి, కొక్కేనికి, కడకు కారుకీ బండికీ మధ్య వేలాడే ప్లగ్గుకి కూడా తడి పసుపు రాశాను. తెలియక చేశాను. నిమ్మకాయలు తొక్కించి బయల్దేరబోతే బండికి ఒక్క లైటూ రాలేదు.

కిట్టు అన్నయ్య ప్లగ్గు ఊడదీసి చూసి పకపకా నవ్వాడు. "చెల్లెమ్మా! దీనికి కూడా నలుగు పెట్టేశావా? పెళ్ళికూతురనుకున్నావా?" అక్కడున్న ఆంటీలంతా నవ్వారు. మీ అబ్బాయీ నవ్వారు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. నేను చీర చెంగుతో తుడిచాను. లైట్లు వచ్చాయి. ఇంటికి వచ్చేశాం.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. ఆ పసుపు పోయింది. బ్రష్షుతో కడిగాను, ఎండబెట్టాను. అయినా బ్రేకు లైటు ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఆయన కారులో కూర్చుని బ్రేకు తొక్కి "వచ్చిందా?" అంటారు. బండి వెనక నిలబడి చెప్పవలసింది నేను. వస్తే చెయ్యి ఎత్తుతాను. రాకపోతే "రాలేదండి" అంటాను. అద్దాలు వేసి ఉంటాయి, ఇంజను మోత ఉంటుంది, నా గొంతు మీకు తెలుసు కదా. నేనేమీ అననట్టే ఉంటుంది. ఆయన "ఓకే" అనుకుని దిగిపోతారు. దగ్గరికెళ్ళి చెబితే "అదా, నీ పసుపు ఇంకా ఉన్నట్టుంది, మళ్ళీ తుడువు" అంటారు.

ఎమరాల్డ్ వెళ్ళే దారి మీరెరగరు. బీకన్స్‌ఫీల్డ్ దాటితే అన్నీ మలుపులే. ఎక్కినంతసేపూ దిగాలి. బండి నిండా నీళ్ళు, పిండి, గ్యాసు.

మీ మాట ఆయన వింటారు. మీ అంతట మీకే తోచినట్టు ఆయనకి రాయరూ? నా పేరు రానివ్వకండి.

మంగళ.


పెర్త్,
మే 28.

మంగళా,

నీ ఉత్తరం చదివి కాఫీ కూడా తాగకుండా వాడికి ఈమెయిల్ కొట్టాను. గట్టిగానే రాశాను. "కొత్త కారుకి తీగలు కోసి కలిపితే బ్రేకు లైటు ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా పోతుంది, బండి బ్రేకులూ పడవు, షాపులో సరైనది పెట్టించేదాకా కదపకు" అని. నీ పేరు ఎక్కడా రానివ్వలేదు. నిశ్చింతగా ఉండు.

జ్ఞానప్రసూన.


క్లైడ్ నార్త్,
జూన్ 6.

చిన్నత్తయ్యగారికి,

మీరు నా పేరు రాయలేదు. కానీ మా వాకిట్లో బ్రేకు లైటు ఒకసారి వచ్చి ఒకసారి రావడం లేదని పెర్త్‌లో ఉన్నవాళ్ళకి ఎలా తెలుస్తుంది? తెలిసినది నాకొక్కదానికే.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. ఫోను నా ముందు పెట్టి "నాతో చెప్పడానికి నోరు రాదు కానీ, పిన్నికి పేజీలు పేజీలు రాస్తావా?" అన్నారు. చెప్పానండీ అందామనుకున్నాను. పెదవులు కదిలాయి, అంతే. అప్పటినుంచీ కావలసినంత వరకే మాట్లాడుతున్నారు. పక్కింటి పిల్లతో మాత్రం బాగానే నవ్వుతారు.

కిట్టు అన్నయ్య మళ్ళీ వచ్చి కారు కింద ఏదో బిగించి వెళ్ళాడు. రెండు రోజులు లైటు బాగానే వచ్చింది. నిన్న వాన పడ్డాక మళ్ళీ మామూలే. ఈసారి ఆయనకి చెప్పలేదు.

వచ్చే ఆదివారమే ముహూర్తం. పెసలు నానబోసే గిన్నెలు కడిగి పెట్టాను. నేనూ ఆ కారులోనే వెళతాను కాబట్టి ఏమైనా ఇద్దరికీ అవుతుంది. ఇక ఈ విషయం రాయకండి.

మంగళ.


పెర్త్,
జూన్ 10.

అమ్మా మంగళా,

తప్పు నాది. తెలివిగా రాశాననుకున్నాను. నీకు సాయపడబోయి నిన్ను పట్టిచ్చాను. ఈ వయసులో ఇంత తొందర ఏమిటో!

రాయకండి అన్నావు. అయినా రాస్తున్నాను. ఇద్దరికీ అవుతుందన్నావే, ఆ మాట నాకు నచ్చలేదు. నేను ఎమర్జెన్సీలో పనిచేసిన రోజుల్లో ఒకాయన్ని తీసుకొచ్చారు. కొండ దిగుతూ బ్రేకు వేశాడు. కారు ఆగబోయింది, వెనక బండికి ఆగమన్న కబురు అందలేదు. అది కారును మలుపులో పక్కకి తోసేసింది. స్పృహ రాగానే ఆయన ముందు బండి ఏమైందని అడిగాడు. భార్య ఏమైందని తరవాత అడిగాడు. చెడ్డవాడు కాదు. బండి మీద అంత ఆశ పెట్టుకున్నాడు, అంతే. మా సత్తిబాబూ అలాంటివాడే.

వాడికి మళ్ళీ నేను రాయను. రాస్తే మంకుపట్టు పడతాడు. చెప్పవలసినది నువ్వే. నోటితో రాకపోతే ఇంకోలా చెప్పు. ఎలాగో నాకు తెలియదు. తెలిస్తే రాసేదాన్ని.

త్వరగా చేరే తపాలాలో వేస్తున్నాను. ఆదివారం లోపల నీ చేతికి వస్తుందో లేదో. పోస్టాఫీసు అమ్మాయి "ప్రాబబ్లీ" అంది. ఆ మాట నమ్ముకుని కూర్చున్నాను.

మీ అత్తయ్య.


క్లైడ్ నార్త్,
జూన్ 18.

చిన్నత్తయ్యగారికి నమస్కారం.

మీ ఉత్తరం సోమవారం వచ్చింది. ముహూర్తం ఆదివారమే అయిపోయింది. కంగారు పడకండి, ఇద్దరం క్షేమం. జరిగింది వరసగా రాస్తాను.

ఆదివారం తెల్లవారాక కూడా వీధంతా మంచు. వాకిట్లో సిమెంటు తడిసి జారుతోంది. పిండి డబ్బాలు, చెట్నీ సీసాలు బండిలోకి ఎక్కించాం. కిట్టు అన్నయ్య, వాళ్ళావిడ భానుశ్రీ సాయానికి వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. ఆయన కారెక్కి బ్రేకు తొక్కారు. నేను బండి వెనక నిలబడ్డాను.

లైటు రాలేదు.

"రాలేదండి" అన్నాను. మళ్ళీ తొక్కారు. రాలేదు. "రాలేదండీ" అన్నాను. నాకు చేతనైనంత గట్టిగానే. కిటికీ వేసే ఉంది. కిట్టు అన్నయ్య గడియారం చూసుకుంటూ "ఓకే రా, పోనీ పోనీ, టైమైపోతోంది" అని చెయ్యి ఊపాడు. భానుశ్రీ నా బుజం తట్టి "ఎక్కండక్కా" అంది.

ముందు సీటు వైపే నడిచాను. ఎక్కుదామనే నడిచాను. కారుకీ బండికీ మధ్య నొగ దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగాయి. ఆ నొగ మీద కూర్చున్నాను. ఏమీ ఆలోచించలేదు. ఇనుము మంచులా ఉంది.

ఆయన నన్ను చూడలేదు. నొగ కిందుగా ఉంటుంది, అద్దంలో కనబడదు; నేను ఎక్కేలోపల బండిని వీధిలోకి జరుపుదామనుకున్నారేమో. కారు కదిలింది. నొగ నన్ను పట్టుకుని ముందుకి లాగింది. నా చెప్పు సిమెంటు మీద జారింది. నొగనీ కారునీ కలిపి కట్టిన గొలుసు రెండు చేతులతో పట్టుకున్నాను. అప్పుడు కిట్టు అన్నయ్య బానెట్ మీద దబదబా బాదాడు.

"ఆగరా! ఆగు! చెల్లెమ్మ కూర్చుందిరా అక్కడ!"

ఆయన దిగి వచ్చారు. మొహంలో రక్తం లేదు.

"పిచ్చా నీకు? లే."

"లేవనండి."

"మంగళా, లే. ముహూర్తం దాటిపోతోంది."

"లైటు రాలేదండి."

"రాకపోతే చెప్పొచ్చు కదా!"

"చెప్పాను. ఇప్పుడు రెండుసార్లు చెప్పాను. పోయిన నెలా చెప్పాను. కారులోకి వినబడలేదు."

"గట్టిగా చెప్పాలి గదా!"

"గట్టిగా రాదండి నాకు. అందుకే కూర్చున్నాను."

ఎదురింటి ముసలాయన చెత్తడబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇంత మంది నా వంక చూస్తుంటే మామూలుగా నేను చచ్చిపోవాలి. తల దించుకున్నాను కానీ లేవలేదు.

ఆయన కిట్టు అన్నయ్యని కారెక్కి బ్రేకు తొక్కమన్నారు. తను వెళ్ళి బండి వెనక నిలబడ్డారు. ఇన్నాళ్ళలో ఆయన అక్కడ నిలబడడం అదే మొదలు. కిట్టు అన్నయ్య లోపల్నించి "వచ్చిందా?" అని అరిచాడు. జవాబు లేదు. "వచ్చిందారా?" మళ్ళీ లేదు. చాలాసార్లు తొక్కించారు. మధ్యలో ఒకసారి వచ్చిందట, అదీ మిణుకుమని.

ఆయన తిరిగొచ్చి నా పక్కన వంగి ప్లగ్గు ఊడదీశారు. తెల్లగా మెరుస్తోంది, ఎక్కడా పసుపు లేదు. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు.

కిట్టు అన్నయ్యకి ఉక్రోషం వచ్చింది. "నెమ్మదిగా పోతే ఏం కాదురా! నామీద నమ్మకం లేదంటే ఆ ముక్క చెప్పు."

"నీమీద ఉందిరా. నువ్వు కలిపిన తీగ మీద లేదు."

కిట్టు అన్నయ్య భానుశ్రీని తీసుకుని వెళ్ళిపోయాడు. టిఫిన్ కూడా తినలేదు. ముహూర్తం దాటింది. సంతవాళ్ళకి ఫోను చేసి రాలేమని చెప్పారు. ఆ చోటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తామన్నారట. మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదన్నారు. ఫోను పెట్టేసి ఆయన బండి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నేను నొగ మీదే ఉన్నాను.

మీ అబ్బాయి ఆశ పోగొట్టాను అత్తయ్యగారూ. ఆయన ఈ మూడు రోజులూ నాతో ఏమీ అనలేదు. ఇప్పుడు ఆ మౌనం కోపమో కాదో కూడా నాకు తెలియడం లేదు.

మంగళ.


పెర్త్,
జూన్ 26.

తల్లీ,

కారు కదిలిన దగ్గర చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చోడానికి చాలాసేపు పట్టింది. ఇంకెప్పుడూ కదిలే కారు దగ్గర అలాంటి పని చెయ్యకు. చేసినందుకు తిట్టాను. ఇక మెచ్చుకోవడం మొదలుపెడితే ఈ కాగితం చాలదు.

ఆశ పోగొట్టానని రాశావు. పోయింది ఒక సంత. సత్తిబాబు ఉన్నాడు. వాడి మౌనం సంగతి వాడికే వదిలెయ్యి. చిన్నప్పుడు తప్పు చేసినా అంతే, రెండు రోజులు పెరట్లో కట్టెలు కొట్టేవాడు. తరవాత వచ్చి ఆకలేస్తోంది అనేవాడు.

మీ అత్తయ్య.


క్లైడ్ నార్త్,
ఆగస్టు 2.

చిన్నత్తయ్యగారికి నమస్కారం.

ఇక్కడ కట్టెలు లేవు కదా. మీ అబ్బాయి కారు కింద దూరి కిట్టు అన్నయ్య కలిపిన తీగలన్నీ ఒక్కొక్కటీ విప్పారు. తరవాత వచ్చి ఆకలేస్తోందన్నారు. మీరు రాసినట్టే అయ్యేసరికి నాకు నవ్వొచ్చింది. ఎందుకని అడిగారు. చెప్పలేదు.

తీగల జత నిన్న వచ్చింది. కారు షాపులో పొద్దున ఇచ్చి సాయంత్రం తెచ్చుకున్నాం. కంప్యూటర్ పెట్టి నేర్పడానికే చాలాసేపు పట్టింది. షాపాయన బాగా గొణిగాడు, మేం కోసిన చోట్ల కారు సొంత తీగలు బాగుచెయ్యడం ఎక్కువ పనైందట. సంతలో చోటు మాత్రం దొరకలేదు. పేరు రాసుకున్నారు. ఆయన వారమంతా గిడ్డంగికి వెళుతూనే ఉన్నారు. కిట్టు అన్నయ్య ఫోను ఎత్తడం లేదు. భానుశ్రీ నాకు మెసేజీ పెట్టింది, వస్తాడులే అక్కా, టైమివ్వండి అని.

ఇంటికి రాగానే బండి తగిలించారు. నేను అలవాటుగా వెనక్కి నడిచాను.

"అటు కాదు. వచ్చి ఇక్కడ కూర్చో" అన్నారు. డ్రైవరు సీటు.

"నాకు నడపడం రాదండి."

"నడపక్కర్లేదు. బ్రేకు తొక్కు. నేను చూస్తాను."

ఆ సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు. అంచున కూర్చున్నాను. కిటికీ అద్దం తనే చెయ్యి పెట్టి కిందకి దించారు. ఎదుట పలకమీద కారు బొమ్మ, దాని వెనక చిన్న బండి బొమ్మ వెలిగాయి. బండి ఉందని కారుకి తెలిసిందన్నమాట. ఆయన వెనక్కి వెళ్ళి మూల దగ్గర నిలబడ్డారు. పక్క అద్దంలో కనబడుతున్నారు.

"తొక్కు!"

తొక్కాను. ఆయన మొహం ఎర్రటి వెలుగుతో నిండిపోయింది.

"వచ్చింది!" అని వీధంతా వినబడేలా అరిచారు. "తియ్యి. మళ్ళీ తొక్కు. వచ్చింది! మళ్ళీ!" ఎన్నిసార్లు తొక్కించారో నాకు లెక్క లేదు. చివరికి "చాలు, తియ్యి" అన్నారు.

నేను తియ్యలేదు. ఇంకాసేపు అలాగే తొక్కి ఉంచి, అద్దంలో ఆయన్ని చూస్తూ కూర్చున్నాను. ఆయన కూడా రెండోసారి తియ్యమనలేదు.

మీ మంగళ.